నాచా గాయకుల సాధన

ఐరోపా దేశాలలో గాత్రసంగీతానికి పరాకాష్ఠ ఒపేరా అని చెబుతారు. పదహారవ శతాబ్దం చివర ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో అది పుట్టినది. ప్రాచీన గ్రీకు నాటకాలలో పాత్రలు పాడుతూ నటించేవని నమ్మిన కొందరు కవులు, పండితులు, గాయకులు ఆ పద్ధతిని తిరిగి బ్రతికించబోయి, తాము ఊహించని కొత్త కళనొకదానిని సృష్టించినారు. ఒపేరా గాయకుని ఎదుట మైక్రోఫోను ఉండదు. పదులకొద్దీ వాద్యాలు ఒక్కసారిగా మ్రోగుతుండగా, వాటిమీదుగా తన గొంతును శాల చివరి వరుసదాకా అతడు పంపవలె. ఇది కేవలం బలంతో సాధ్యమయ్యే పని కాదు. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970 దశకంలో ఈ విషయాన్ని పరిశోధించినాడు. శిక్షణ పొందిన గాయకుని కంఠంలో సెకనుకు ఇంచుమించు 3,000 కంపనాల ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన తేజస్సు చేకూరుతుందనీ, వాద్యబృందపు ధ్వని ఆ ప్రాంతంలో పలుచనై ఉంటుంది గనుక గొంతు దానిని చీల్చుకొని వినిపిస్తుందనీ ఆయన చూపినాడు. ఆ తేజస్సు పుట్టుకతో రాదు. ఏండ్ల తరబడి అభ్యాసం చేస్తే వస్తుంది.

ఆ అభ్యాసం కొరకు ఐరోపాలో విద్యాలయాలు వెలసినవి. వాటికి కన్సర్వేటరీలని పేరు. ఈ మాట పుట్టుక తెలుసుకోదగినది. నేపుల్స్ నగరంలో కన్సర్వేటోరియో అంటే మొదట అనాథ శరణాలయం. దిక్కులేని పిల్లలను చేరదీసి, బ్రతుకుతెరువుగా సంగీతం నేర్పిన ఆ ఇండ్లే కాలక్రమాన సంగీత విద్యాలయాలైనవి. అంటే ఆ మహాకళకు మూలంలో ఉన్నవాడు సంపన్నుని బిడ్డ కాదు. పాట తప్ప మరొక ఆస్తి లేని పిల్లవాడు. తరువాతి కాలంలో శిక్షణ శాస్త్రరూపం ధరించినది. పందొమ్మిదవ శతాబ్దంలో మాన్యువల్ గార్సియా అనే గాత్రగురువు, పాడేటప్పుడు కంఠంలో ఏమి జరుగుతుందో చూడవలెనన్న పట్టుదలతో చిన్న అద్దాన్ని ఉపయోగించి తన స్వరపేటికను తానే పరీక్షించుకొన్నాడు. ఈనాటి వైద్యులు వాడే పరికరానికి అది తొలిరూపం. ఇరువదవ శతాబ్దంలో ప్రఖ్యాతి గాంచిన మారియా కాలస్, ఏథెన్సులో ఎల్విరా ద హిడాల్గో వద్ద నేర్చుకొనే రోజులలో, తన పాఠం ముగిసిన తరువాత కూడా ఇంటికి పోక తక్కిన విద్యార్థుల పాఠాలన్నీ వింటూ కూర్చునేదట. ఊపిరి పట్టడం, విడవడం, పరభాషల ఉచ్చారణ, నిలుచునే తీరు, నటన — ఇవన్నీ పట్టుబడి గొంతు పక్వానికి వచ్చేసరికి గాయకునికి పాతికేండ్లు దాటుతవి.

ఇంత చెప్పిన తరువాత ఒక ప్రశ్న రాక తప్పదు. పాడుతూ నటించే కళ, అదీ మైకు ఆధారం లేని కళ, మన దేశంలో కూడ వందల ఏండ్లుగా ఉన్నది. మన వీథినాటకం, యక్షగానం, నిన్నమొన్నటి పద్యనాటకం అటువంటివే. మరి ఇక్కడి గాయకనటుడు ఎక్కడ తయారైనాడు? ఎవరు నేర్పినారు? నేర్పలేదు, తనంతట వచ్చినదని చెప్పేవారు చాలామంది ఉన్నారు. పల్లెటూరి గాయకుని గురించి చదువుకొన్నవారు తరచుగా వాడే మాటలు రెండు: సహజం, అమాయకం. ఈ రెండు మాటలూ పొగడ్తవలె కనిపిస్తవి గాని, నిజానికి ఆ గాయకుడు పడిన శ్రమను లెక్కలోనుండి కొట్టివేస్తవి. ఈ సంగతి ఛత్తీస్‌గఢ్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి రాయపూర్ నగరంలో పుట్టి, ఇంగ్లండులో నాటకవిద్య అభ్యసించి వచ్చిన హబీబ్ తన్వీర్ ఆ శ్రమను గుర్తించడానికి పదిహేనేండ్లు పట్టినది.

ఛత్తీస్‌గఢ్ తెలుగువారికి పొరుగుదేశమే. బస్తరు అడవులలో ప్రవహించే ఇంద్రావతి, శబరి నదులు మన గోదావరిలోనే కలుస్తవి. ఇంకా ఉత్తరాన, మహానదీ పరీవాహంలో, విశాలమైన వరిపొలాల నడుమ రాయపూర్ ఉన్నది. బ్రిటిషువారి కాలంలో అది సెంట్రల్ ప్రావిన్సులలోను, తరువాత మధ్యప్రదేశ్‌లోను ఉండి, 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రాజధాని అయినది. ఈ మైదానపు గ్రామాలలో రైతులు, కూలీలు, చేతిపనివారు ఆడే నాటకమే నాచా. పేరుకు నాట్యమని అర్థం గాని, అందులో పాటది పెద్ద పాలు. నడుమనడుమ వచ్చే హాస్యకథలకు గమ్మత్ అని పేరు. ఈ మాట విన్న తెలుగువానికి నిఘంటువు అక్కర లేదు. మన గమ్మత్తే అది. జోక్కడ్ అనే హాస్యగాడు, స్త్రీవేషం ధరించి పాడుతూ ఆడే పరీ, వాద్యకారులు — ఇంతే బృందం. పరీ అంటే మగవాడే. మన భామాకలాపంలోవలె ఇక్కడ కూడ స్త్రీపాత్రలు పురుషులే ధరించేవారు. ఆట రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారుదాకా సాగుతుంది. వ్రాసిన నాటకం ఉండదు. కథ తెలుసు, పాటలు తెలుసు. మాటలు మాత్రం ఆనాటి ప్రేక్షకులను చూచి అప్పటికప్పుడు పుడతవి.

పాతకాలపు నాచాను ఖడే సాజ్ అనేవారు. అంటే నిలువు వాద్యం. వాద్యకారులు తమ వాద్యాలను నడుముకు కట్టుకొని నిలబడే వాయించేవారు. కాగడాల వెలుతురులో ఆట జరిగేది. రాజనందగావ్ సమీపాన రవేలీ గ్రామంలో 1911లో జన్మించిన దులార్ సింగ్ సావ్ దీని రూపం మార్చినాడు. లోకం ఆయనను దావూ మందరాజీ అని పిలుచుకొన్నది. దావూ అంటే భూస్వామికి గౌరవనామం. పాటగాళ్ళ వెంట తిరుగుట ఆ ఇంటి మర్యాదకు తగదని పెద్దలు ఎంత వారించినా ఆయన వినలేదు. 1920 దశకం చివర ఆయన రవేలీ నాచా బృందాన్ని కూర్చినాడు. చికారా అనే తంత్రీవాద్యం స్థానే హార్మోనియం తెచ్చి, వాద్యకారులను కూర్చుండబెట్టి, ఊరూర మంచి గొంతులను, మంచి నటులను వెదకి చేర్చుకొన్నాడు. సాంఘిక దురాచారాలను ఎత్తిచూపే గమ్మత్‌లను ఆడించినాడు. ఈ పనులన్నింటికి తన పొలాలే పెట్టుబడి. భూస్వామిగా పుట్టిన ఆయన 1984లో మరణించేనాటికి పేదవాడు. ఆయన పేరిట తరువాత రాష్ట్రప్రభుత్వం ఒక పురస్కారాన్ని నెలకొల్పినది.

హార్మోనియం రాక చిన్న మార్పు కాదు. చికారా గొంతు వెంట నడిచే వాద్యం. గాయకుడు శ్రుతి ఎక్కడ పట్టితే అక్కడికి అది జరుగుతుంది. హార్మోనియం జరగదు. గాయకుడే దాని మెట్టుకు ఒదగవలె. మన పద్యనాటకంలో కూడ హార్మోనియం ప్రవేశించిన తరువాత గాత్రం ఎంతగా మారినదో తెలుగువారికి తెలిసినదే. పైస్థాయిని పట్టి నిలిపే శక్తి పెరిగినది. సూక్ష్మమైన గమకం కొంత తగ్గినది. ఆ లాభనష్టాల చర్చ ఇక్కడ అవసరం లేదు. ఒక పల్లెటూరి బృందం తన గానపద్ధతిని తెలిసి మార్చుకొన్నదంటే, అక్కడ విద్య లేదనడం పొరపాటని మాత్రం గ్రహించవలె.

ఆ విద్య అందే మార్గం వేరు. పిల్లవాడు చాపమీద వాద్యకారుల ప్రక్కన కూర్చుండి రాత్రులు గడుపుతాడు. నిద్ర ఆపుకొనడం మొదటి పాఠం. పంటకోతల వేళ పొలాలలో స్త్రీపురుషులు ఒకరికొకరు బదులు చెప్పుకొనే దదరియా పాటలు, దీపావళి ముందు చిలుకబొమ్మ చుట్టూ స్త్రీలు చప్పట్లతో పాడే సువా పాటలు, కర్మా నృత్యపు పాటలు వాని చెవిలో అప్పటికే ఉంటవి. గొంతు ఇంకా విచ్చుకోని వయసులో స్త్రీవేషం దొరుకుతుంది. చిన్న పాట, ఆ వెనుక పెద్ద పాట, ఆ వెనుక హాస్యగాని మాటకు తడబడకుండా బదులు చెప్పే నేర్పు. పగలంతా నాగలి పట్టినవాడు రాత్రి పాడవలె. పాడినవాడు తెల్లవారి తిరిగి పొలానికి పోవలె. గొంతు బొంగురుపోయినా ఆట ఆగదు గనుక, బొంగురుగొంతుతో పాడడం కూడ నేర్చుకొనవలసిందే. ఇంత చేసిన తరువాత పరీక్షించే అధికారి ఎవరు? నాలుగు దిక్కుల కూర్చున్న జనం. నచ్చకపోతే వారు లేచిపోతారు.

మన సురభి నాటకసమాజాలలో జరిగినది కూడ ఇదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రారంభించిన ఆ పరంపరలో, పిల్లలు నాటకశాలలోనే పెరిగి, నడక నేర్చిన కొద్దికాలానికే బాలకృష్ణుడో లవకుశులో అయి రంగం ఎక్కేవారు. అక్కడ కుటుంబమే పాఠశాల. ఛత్తీస్‌గఢ్‌లో ఊరు పాఠశాల.

ఈ నేపథ్యంలో హబీబ్ తన్వీర్ కథ చదువవలె. ఆయన 1923 సెప్టెంబరు 1న రాయపూర్‌లో జన్మించినాడు. తండ్రి పెషావరునుండి వచ్చి స్థిరపడినవాడు. బాల్యంలో బంధువుల గ్రామాలకు పోయినప్పుడు విన్న పాటలు పిల్లవాని మనసులో నిలిచినవి. రాయపూర్‌లోని లారీ పురపాలక ఉన్నత పాఠశాలలో, పిదప నాగపూరు మోరిస్ కళాశాలలో చదివి, అలీగఢ్‌లో కొంతకాలం ఉండి, 1945లో బొంబాయి చేరినాడు. అక్కడ ఆకాశవాణి, చలనచిత్రాలు, ప్రజానాట్యమండలి ఆయనను ఆకర్షించినవి. 1954లో ఢిల్లీలో, నజీర్ అక్బరాబాదీ కవితలను ఆధారంగా తీసికొని ‘ఆగ్రా బజార్’ ఆడించినాడు. జామియా మిల్లియా విద్యార్థులతో పాటు ఓఖ్లా గ్రామస్థులను కూడ రంగంమీదికి తెచ్చినాడు. మరుసటి ఏడు ఇంగ్లండు పోయి లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్టులోను, తరువాత బ్రిస్టల్ ఓల్డ్ విక్ పాఠశాలలోను శిక్షణ పొందినాడు. ఆనాటి భారతీయ నటునికి అంతకు మించిన చదువు లేదు.

ఇంగ్లండు చదువు ముగిసిన తరువాత ఆయన ఐరోపాలో తిరిగినాడు. బెర్లిను చేరేసరికి బ్రెష్ట్ అప్పుడే, 1956 ఆగస్టులో, మరణించి ఉన్నాడు. ఆయన నాటకాలు మాత్రం ఆడుతూనే ఉన్నవి. తన్వీర్ కొన్ని మాసాలు అక్కడే ఉండి వాటిని చూచినాడు. ఒపేరా ప్రస్తావన ఇక్కడ మరల వస్తుంది. బ్రెష్ట్, సంగీతకర్త కుర్ట్ వైల్ కలిసి 1928లో ‘మూడు పైసల ఒపేరా’ను బెర్లినులో ప్రదర్శించినారు. ఒపేరా గాయకుల మహాకంఠాలను ప్రక్కకు పెట్టి, వీధిలోని మనిషి గొంతుతో నటుల చేత పాడించడం దానిలోని కొత్తదనం. పాట నాటకానికి అలంకారం గాక, నాటకంమీద ఒక వ్యాఖ్య కావలెనని వారి ఉద్దేశం. ఐరోపాలో అది విప్లవమనిపించుకొన్నది. రాయపూర్ చుట్టుప్రక్కల జోక్కడ్ రాత్రికొకసారి చేస్తున్న పనే అదని తన్వీర్‌కు అప్పటికింకా పూర్తిగా తోచినట్లు లేదు.

1958లో స్వదేశానికి వచ్చి, ఇంటివారిని చూడడానికి రాయపూర్ పోయినాడు. తాను చదివిన ఉన్నత పాఠశాల ఆవరణలో ఆ రాత్రి నాచా ఉన్నదని తెలిసినది. రాత్రంతా కూర్చుండి చూచినాడు. ఠాకూర్ రామ్, మదన్ లాల్, బాబూదాస్, చక్కని గాయకుడు భుల్వారామ్ ఆనాడు ఆడినారు. తెల్లవారేసరికి వారిని ఢిల్లీ రమ్మని అడిగినాడు. లాలూరామ్, మొహరీ వాద్యకారుడు జగమోహన్ కూడ చేరి ఆరుగురైనారు. శూద్రకుని మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’ అనే పేరుతో, ఢిల్లీ నటులను, ఈ ఆరుగురు గ్రామీణులను కలిపి ఆయన ఆడించినాడు. 1959లో భార్య మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించినాడు.

ఆ వెనుక వచ్చిన సంవత్సరాలు చరిత్రకారులు తొందరగా దాటిపోయేవి. కాని విషయమంతా అక్కడనే ఉన్నది. రాయపూర్ మైదానంలో వేలమందిని కట్టివేసిన నటులు ఢిల్లీ రంగస్థలంమీద కొయ్యబారిపోయినారు. తన్వీర్ తాను నేర్చిన పద్ధతిలో వారికి శిక్షణ ఇచ్చినాడు. ఈ మాటకు రెండడుగులు ముందుకు, ఆ మాటకు కుడిప్రక్కకు, ఈ పాట ఇక్కడ నిలబడి అని రంగంమీద గీతలు గీసినట్లు నిర్ణయించినాడు. వారు కుడియెడమలు తారుమారు చేసేవారు. నిన్న చేసినది నేడు మరచేవారు. పైగా హిందీలో మాట్లాడవలె. ఛత్తీస్‌గఢీలో చురకత్తివలె ఆడే నాలుక హిందీలో మొద్దుబారినది. లోపం నటులలో లేదని, తన బోధనలోనే ఉన్నదని గ్రహించడానికి తనకు 1970 దాటిందని ఆయన పిమ్మట పలుమార్లు చెప్పుకొన్నాడు. రెండు తప్పులను ఆయన గుర్తించినాడు. ఒకటి, వారి మాతృభాషను లాగివేయడం. రెండవది, వారి కదలికకు స్వేచ్ఛ లేకుండా చేయడం.

రెండవ తప్పును కొంచెం విడమరచి చూడవలె. నాచా నటునికి ప్రేక్షకుడు మూడు నాలుగు దిక్కుల ఉంటాడు. ఏ మూలనుండి నవ్వు వచ్చినదో ఆ మూలకు అతడు నడుస్తాడు. ఏ మూల నిద్రమత్తు కమ్మినదో ఆ మూలకు తిరిగి పాట ఎత్తుతాడు. అదే అతని శిక్షణ. దానిని మరపించి కుడియెడమలు నేర్పితే, ఇరువది ఏండ్ల విద్య ఒక్కసారిగా పనికిరానిదైపోతుంది. ఒపేరా గాయకునికి ఎదుట నిలిచిన సంగీతనిర్దేశకుని చేయి ఎంతో, నాచా గాయకునికి ఎదుటి జనం అంత. ఆ చేయి తీసివేసి పాడమంటే ఒపేరా గాయకుడైనా తడబడతాడు.

తప్పు దిద్దుకొన్న చోటు రాయపూర్. 1973లో తన్వీర్ అక్కడ నెలరోజుల నాచా శిబిరం నడిపినాడు. నూరుమందికి పైగా గ్రామీణ కళాకారులు వచ్చినారు. ఇక్కడ గురువు ఎవరో, శిష్యుడు ఎవరో చెప్పడం కష్టం. నటులు తమ పాత గమ్మత్‌లను తమ భాషలో, తమ ఇష్టం వచ్చినట్లు ఆడినారు. నిర్దేశకుడు చూచినాడు, ఎన్నినాడు, కలిపినాడు. మూడు సంప్రదాయ హాస్యకథలు ఒకదానితో ఒకటి ముడిపడి, నడుమ పాటలతో, ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ అనే నాటకమైనది. ‘ఊరి పేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు’ అని దానికి తెలుగు. పుష్యపూర్ణిమనాడు పిల్లలు ఇల్లిల్లు తిరిగి ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా పండుగ పాట అందులో ఉన్నది. ఢిల్లీ ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ అర్థం కాదని భయపడినవారి భయం వృథా అయినది. భాష రానివారు కూడ నవ్వవలసిన చోట నవ్వినారు.

రెండేండ్లకు, 1975లో, ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చినది. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన జానపదకథ దానికి మూలం. అసత్యమాడనని గురువు ఎదుట ఒట్టుపెట్టుకొన్న దొంగ, ఆ ఒట్టు కొరకు ప్రాణం విడుస్తాడు. ఛత్తీస్‌గఢ్‌లో గురు ఘాసీదాసును కొలిచే సత్నామీలకు సత్యమే దైవం. వారి పంథీ పాటలు ఈ కథకు ప్రాణం పోసినవి. మాందర్ మద్దెల వేగం పెంచుకొంటూ పోగా, నర్తకులు పాడుతూనే ఎగురుతూ, ఒకరి భుజాలమీద ఒకరు నిలుస్తూ చేసే ఆ నృత్యాన్ని దేవదాస్ బంజారే ఈ నాటకంలోను, దేశవిదేశాలలోను చూపించినాడు. ఎగురుతున్న మనిషి శ్రుతి తప్పకుండా పాడడం ఏ కన్సర్వేటరీలోనైనా పై తరగతి పాఠమే. శ్యామ్ బెనెగల్ అదే సంవత్సరం ఈ కథను చిత్రంగా తీసినాడు. 1982లో ఎడింబరో ఉత్సవంలో ఈ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి వచ్చినది. ఒపేరాకు పుట్టినిల్లైన ఖండంలో, బడిలో పాట నేర్వని రైతుకూలీల గొంతులకు ఆ గౌరవం దక్కినది.

ఈ బృందపు గాయనీనటులలో ఫిదాబాయిని ప్రత్యేకంగా చెప్పుకొనవలె. ఆమె దేవార్ అనే సంచారజాతిలో పుట్టినది. ఊరూర తిరిగి పాడుతూ, ఆడుతూ పొట్టపోసికొనే ఆ జాతి స్త్రీలను జనం వినేవారు గాని గౌరవించేవారు కారు. మగవాడు పరీవేషం కట్టే రంగానికి నిజమైన స్త్రీ గొంతుతో వచ్చినవారు వీరు. ‘చరణ్‌దాస్ చోర్’లో రాణిగా, 1978 నాటి ‘బహాదుర్ కలారిన్’లో కన్నకొడుకు పాపాన్ని మోయవలసిన తల్లిగా ఆమె పాత్రధారణ చూచినవారు, గ్రీకు విషాదనాటకాల పేర్లు ఎత్తక ఉండలేకపోయినారు. అందుకు తగిన తూకం ఆమె గొంతులో ఉన్నది. సన్నని శారీరం కాదది. మట్టి కలిసిన గొంతు. ఐరోపా గురువులు అటువంటి గొంతును సరిదిద్దబోయేవారు. దిద్దకపోవడమే ఇక్కడ విద్య అయినది.

నాచాకు తోబుట్టువు పండవానీ. పాండవుల కథను ఒక్క గాయకుడు తంబురా, చిరుతలు పట్టి పాడుతాడు. కథ ప్రధానంగా సబల్ సింగ్ చౌహాన్ హిందీ మహాభారతాన్ని అనుసరించినదే అయినా, పాడేది పల్లెటూరి భాషలో, పల్లెటూరి ఉపమానాలతో. ప్రక్కన కూర్చున్న రాగీ అనే సహగాయకుడు ఊకొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథ నడిపిస్తాడు. బుఱ్ఱకథ విన్న తెలుగువానికి వంతల సంగతి చెప్పనక్కరలేదు. కర్ణాటక సంగీతం నేర్చి, ఆ నేర్పునంతా బుఱ్ఱకథకు ధారపోసిన షేక్ నాజర్‌ను తలచుకొంటే పండవానీ గాయకుని శ్రమ కొంత ఊహకు అందుతుంది. ఈ గానంలో రెండు మార్గాలున్నవి. గ్రంథాన్ని అనుసరించి శాంతంగా సాగేది వేదమతి. లేచి నిలిచి, ఆవేశించి, అభినయిస్తూ పాడేది కాపాలిక. ఝాడూరామ్ దేవాంగన్ మొదటి మార్గానికి ప్రసిద్ధుడు. రెండవది పురుషులకే తగినదని, స్త్రీ పాడదలిస్తే కూర్చుండి పాడవలెనని కట్టుబాటు.

ఆ కట్టుబాటును తెంచినది తీజన్‌బాయి. 1956లో భిలాయికి దగ్గరి గనియారీ గ్రామంలో, పార్ధీ కులంలో ఆమె జన్మించినది. మాతామహుని వరుసయైన బ్రిజ్‌లాల్ పార్ధీ పాడుతుండగా విని విని కథలన్నీ కంఠస్థం చేసికొన్నది. ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద కొంత శిక్షణ పొందినది. పన్నెండేండ్లకే వివాహమైనది. ఆడపిల్ల నలుగురిలో నిలిచి పండవానీ పాడిందని కులంవారు వెలివేసినారు. ఆమె ఒంటరిగా చిన్న గుడిసె వేసికొని, ఇరుగుపొరుగువారిని వంటపాత్రలు, తిండిగింజలు అడిగి తెచ్చుకొని బ్రతికినది. పాట మాత్రం విడువలేదు. పదమూడవ ఏట చంద్రఖురీ గ్రామంలో తొలిసారి పాడినప్పుడు ఆమెకు ముట్టినది 10 రూపాయలు. తరువాత హబీబ్ తన్వీర్ దృష్టిలో పడినది. ఆమె చేతిలోని తంబురా ఒకసారి భీముని గద, ఒకసారి అర్జునుని రథం, ఒకసారి ద్రౌపది కురులు. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించినవి. ఆ బిరుదులను తలచేవారు, ఆ గుడిసెలో గడచిన ఏండ్లను కూడ శిక్షణలో భాగంగా లెక్కించవలె. ఐరోపాలో విద్యార్థికి వేతనం ఇచ్చి, వసతి ఇచ్చి సంగీతం నేర్పుతారు. ఇక్కడ నేర్చినందుకు ఇల్లు పోగొట్టుకొనవలసి వచ్చినది.

విద్యాలయాలు ఇక్కడ లేవనరాదు. ఖైరాగఢ్ రాజదంపతులు బీరేంద్ర బహదూర్ సింగ్, పద్మావతీదేవి తమ రాజభవనాన్ని దానం చేయగా, 1956 అక్టోబరు 14న అక్కడ ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం వెలసినది. మరణించిన తమ కుమార్తె పేరు దానికి పెట్టినారు. దేశంలో సంగీతం, నృత్యం, చిత్రకళల కొరకే నెలకొన్న తొలి విశ్వవిద్యాలయాలలో అది ఒకటి. హిందుస్థానీ గాత్రం అక్కడ క్రమపద్ధతిలో బోధిస్తారు. జానపదసంగీతానికి కూడ కాలక్రమాన స్థానం లభించినది. కాని తరగతిగదిలో నలుబది నిమిషాల పాఠంగా నేర్పిన దదరియా, పొలంలో పాడిన దదరియా ఒకటి కావు. ఇందులో విశ్వవిద్యాలయం దోషం ఏమీ లేదు. రాత్రంతా మేలుకొనడం పాఠ్యప్రణాళికలో పెట్టడం ఎవరి తరం?

అయితే పల్లెలోని ఆ పాత బడి కూడ ఇప్పుడు నిలకడగా లేదు. మైకు వచ్చి గొంతును విసిరే అవసరాన్ని తగ్గించినది. కేసెట్టు, టెలివిజను, చేతిలోని ఫోను వచ్చిన తరువాత తెల్లవార్లూ కూర్చునే జనం పలుచబడినారు. పరీక్షాధికారి లేచిపోతే విద్య ఎక్కడ నిలుస్తుంది? రెండవ కారణం ఇంకా కఠినమైనది. ఈ సాధన చేసినవారికి అది అన్నం పెట్టలేదు. చరణ్‌దాస్ పాత్రతో దేశదేశాలు తిరిగిన గోవిందరామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ వచ్చినది. ఆయన చివరి సంవత్సరాలు పక్షవాతంతో, పేదరికంతో గడచినవి. 2014లో ఆయన మరణించినాడు. తండ్రి బ్రతుకు చూచిన కొడుకు నాచాలో చేరకపోతే ఎవరు తప్పుపట్టగలరు? మందరాజీ పొలాలు అమ్మిననాడు అది ఒక దావూ ఔదార్యమనిపించుకొన్నది. అమ్ముకొనడానికి పొలాలు లేనివారు ఏమి అమ్ముకొనవలె?

నయా థియేటర్ చివరి దశలో భోపాలుకు తరలినది. మోనికా మిశ్రా 2005లో, హబీబ్ తన్వీర్ 2009 జూన్ 8న కన్నుమూసినారు. వారి కుమార్తె నగీన్ తన్వీర్ హిందుస్థానీ గాత్రాన్ని గురుముఖతః అభ్యసించినది. అదే సమయంలో బాల్యంనుండి ఆ బృందం నడుమ పెరిగినందున ఛత్తీస్‌గఢీ పాటలు ఆమె గొంతులో వేరుగా నిలిచినవి. తండ్రి అనంతరం బృందపు పాటలను వేదికలమీద వినిపిస్తూ వచ్చినది. అక్కడ ఆమె వాద్యకారుల నడుమ చాపమీద కూర్చుండి, హార్మోనియం శ్రుతి అందుకొని, ఫిదాబాయి, భుల్వారామ్‌ల తరం వదలిపోయిన పాటలను ఒక్కొక్కటిగా ఎత్తుకొంటుంది.